నాపరాతి గనిలో పొరల లెక్క



బేతంచెర్ల, తాడిపత్రి, కొలిమిగుండ్ల ప్రాంతములలో ఇల్లు కట్టుకొన్నవారికి నాపరాయిని వేరుగా పరిచయము చేయవలసిన పని లేదు. ఇంటి నేలకు పరచినది, వీధి అరుగున వేసినది, పెరటిలో గోడకు బదులు నిలువున పాతినది, అంతయు ఆ రాయియే. వేసవి మధ్యాహ్నమున దానిమీద మేను వాల్చి దాని చల్లదనమును మెచ్చుకొన్నవారు పెక్కుమంది యుందురు. కాని మెరుగు పెట్టని నాటుబండ ముఖము ఉలితో చెక్కి చదును చేసినది కాదనియు, అది ఆ తలమునందే సహజముగ విడివడినదనియు, ఆ తలము ఒకానొక కాలమున సముద్రపు టడుగై నీటి క్రింద పరచుకొని యుండినదనియు తలపోసినవారు కొలదిమంది. పనివాడు ప్రక్కనుండి ఉలి నానించి సమ్మెటతో కొట్టగనే రాయి యెచ్చట విచ్చుకొనునో, సాధారణముగ అచ్చటనే పూర్వమొకప్పుడు సముద్రములో సున్నపు టడుసు పేరుకొనుట యాగినది, లేదా దాని స్వభావము మారినది. పనివానికి ఆ విచ్చుట లాభము. భూగర్భశాస్త్రమును చదువుకొన్నవానికి అదియే ప్రశ్న.

ఈ సాయంకాలము నేను చెప్పదలచినది ఆ ప్రశ్నకు సమాధానము కాదు. సున్నపురాతి గనిలో నిలిచి, ఎదుటనున్న రాతిగోడలోని పొరలను క్రిందినుండి పైవరకు ఎట్లు కొలిచి, ఎట్లు పరిశీలించి, ఎట్లు కాగితము మీదికి ఎక్కింతురో ఆ పద్ధతిని గురించి మాత్రమే చెప్పుదును. ఇది వినుటకు కొంచెము శుష్కముగ తోచవచ్చును. వజ్రములను గురించియు గుహలను గురించియు చెప్పిన ఉపన్యాసమునకుండు ఆకర్షణ దీనికి లేదు. అయినను ఈ పని యెందుకు అత్యవసరమో మొదటనే మనవి చేసెదను. మన యెండకును వానకును గురియైన కొండవాలుపై రాతిపొరలు సరిగా కనబడవు. మెత్తని పొరలు కరగి లోపలికి పోవును. వాటిపై మట్టి కప్పుకొనును. మట్టిపై రేగుపొదలును తుమ్మచెట్లును మొలచును. గట్టి పొరల అంచులు మాత్రమే అక్కడక్కడ పైకి తేలి, మొత్తము కొండ గట్టి రాతితోనే కట్టబడినదను భ్రమను కలిగించును. గనిలో అట్లు కాదు. అచ్చట మెత్తనిదియు గట్టిదియు, మందమైనదియు సన్ననిదియు ఒకే నిలువు గోడలో, క్రొత్తగా తెగిన ముఖముతో, దాపరికము లేక నిలిచియుండును. అయితే ఏ పని దానిని మనకు చూపినదో ఆ పనియే దానిని తీసికొనిపోవును. ఈ మాసము మన మెదుట నున్న గోడ వచ్చు మాసమునకు సిమెంటు కొలిమిలోనో, దూరపు పట్టణములోని యొక నట్టింటిలోనో ఉండును. అప్పుడు ఆ గోడకు మిగిలిన ప్రతి యొక్కటే: దానిని చూచి వ్రాసికొన్నవాని నోటుబుక్కు.

నేను చెప్పబోవు రాయి యేదియో ముందు స్థిరపరచుకొందము. కడప, కర్నూలు ప్రాంతముల ప్రాచీన శిలలను మొట్టమొదట క్రమబద్ధముగ వర్ణించినవాడు భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్. 1872లో వెలువడిన ఆయన గ్రంథము నేటికిని ఈ ప్రాంతమునకు వెళ్ళువారు చేత పట్టుకొనదగినదే. కర్నూలు శిలాసముదాయమున అడుగున బనగానపల్లె క్వార్ట్‌జైటు. దాని మొదటిలోనే గులకరాళ్ళు కూడుకొనిన పిండరాయి గలదు. పూర్వము వజ్రముల కొరకు త్రవ్విన దా పిండరాతినే. దానిపై నార్జి సున్నపురాయి, దానిపై ఔకు షేలు, దానిపై పాణ్యం క్వార్ట్‌జైటు, ఆపై కోయిలకుంట్ల సున్నపురాయి, అన్నింటికిని పైన నంద్యాల షేలు. షేలనగా బంకమన్ను గట్టిపడి రేకులు రేకులుగా విడిపోవు మెత్తని రాయి. ఈ పేర్లన్నియు మన యూళ్ళ పేర్లే యగుట గమనింపుడు. నార్జి కడప జిల్లాలోని యొక గ్రామము. భూగర్భశాస్త్రమున ఏ శిలకైనను అది చక్కగా కనబడు స్థలము పేరు పెట్టుట సంప్రదాయము. ఆ లెక్కన మన జిల్లాల చిన్న గ్రామములు కొన్ని ప్రపంచమందలి శాస్త్రగ్రంథములలో నిలిచిపోయినవి. బేతంచెర్ల బండయు, బెలుము గుహలకు తావిచ్చిన రాయియు ఈ నార్జి సున్నపురాయియే.

గనిలో అడుగు పెట్టిన వెంటనే నోటుబుక్కు తెరువరాదు. ఇది నా మతము. ముందు గని యొక్క నాలుగు వైపులను నెమ్మదిగా నడచి చూడవలెను. ఏ గోడ క్రొత్తగా తెగినదో, ఏ గోడ పాతబడి ధూళి కప్పినదో, ఏ మూలకు పేలుడు వలన రాళ్ళు వదులై వ్రేలాడుచున్నవో తెలిసికొనవలెను. వ్రేలాడు రాతి క్రింద నిలిచి కొలత తీయుటకంటె ఆ కొలతను విడిచిపెట్టుట మేలు. పేలుడు పెట్టు వేళను మేస్త్రీ నడిగి తెలిసికొనుట మర్యాదయు, ప్రాణరక్షణయు కూడ. తొలకరి వానలు పడిన తరువాత రెండు మూడు దినములు ఈ పనికి మిక్కిలి అనుకూలమైన కాలము. గోడలమీది ధూళి కడుగుకొనిపోయి, వేసవిలో ఒకే బూడిదరంగుగ కనబడిన ముఖమందు నీలిఛాయ, నల్లఛాయ, లేత ఊదాఛాయ వేరువేరుగ బయలుపడును.

అటుపిమ్మట అచ్చటి పనివారితో మాటలాడవలెను. విశ్వవిద్యాలయములనుండి వచ్చు పడుచువారు ఈ మాట పెడచెవిని పెట్టుట చూచుచున్నాను. ఏండ్ల తరబడి ఒకే గనిలో బండలు విడదీసిన మనిషికి, ఏ పొర నేలబండకు పనికివచ్చునో, ఏ పొర కొట్టగానే ముక్కలగునో, ఏ పొర క్రింద మెత్తని మన్ను తగులునో కరతలామలకము. సుత్తి దెబ్బకు రాయి ఖంగున మ్రోగినదా, బొదబొద లాడినదా అను భేదమును వారు చెవితోనే కనిపెట్టుదురు. ఆ భేదము పెక్కుసారులు సున్నము పాలును మన్ను పాలును ఎంతెంతయో తెలుపు భేదమే యగును. జర్మనీ దేశమున సోల్న్‌హోఫెన్ అను చోట 1861లో ఆదిమ పక్షి యగు ఆర్కియాప్టెరిక్స్ శిలాజము బయల్పడిన సున్నపురాతి గనులు కలవు. అచ్చట స్వచ్ఛమైన గట్టిపొరలకు ఫ్లింట్స్ అనియు, వాటి నడుమ మన్ను కలిసిన మెత్తని పొరలకు ఫాయిలె అనియు గనిపనివారు పెట్టుకొన్న పేర్లనే పండితులు తమ గ్రంథములలో గ్రహించిరి. మన గనులలో బండలు తీయువారు పొరలను ఏయే పేర్లతో పిలుతురో అవియు నోటుబుక్కులో, వారి యుచ్చారణలోనే, వ్రాసికొనదగినవి.

ఇక కొలత. ముందుగా గని యడుగున, చెదరక నిలుచునట్టి యొక స్థానమును ఎన్నుకొని అచ్చట రంగుతో గుర్తు వేయవలెను. మన లెక్కకు అది సున్న. అచ్చటినుండి పైకి కొలుచుకొని పోవలెను. పైనుండి క్రిందికి కాదు. ఒకదానిపై నొకటిగా పేరుకొన్న పొరలలో, తరువాత తలక్రిందులు కాకున్నంతవరకు, అడుగునున్నది ముందు ఏర్పడినదనియు పైనున్నది తరువాత ఏర్పడినదనియు 1669లో చెప్పినవాడు నికొలస్ స్టెనో. ఆయన డెన్మార్కు దేశస్థుడు. ఫ్లారెన్సు నగరమున కొలువుండిన వైద్యుడు. శరీరములను కోసి చూచుటలో ఆరితేరిన చేతికి కొండలను కోసి చూచు బుద్ధి పుట్టుట వింత కాదు. జరిగిన వరుసనే వ్రాయవలెనన్నచో క్రిందినుండియే వ్రాయవలెను. పైనుండి వ్రాసినవాడు తెలియకయే ఫలితమును ముందును కారణమును వెనుకను పెట్టును. మెత్తని పొరపై గట్టి పొర యొత్తిడి వలన కలిగిన గుంటలను చూచి, క్రింది పొర పైదానిలోనికి పొడుచుకొని వచ్చినదని వ్రాసినవారు లేకపోలేదు.

కొలుచుటకు టేపు చాలునని మీరనవచ్చును. గోడ నిలువుగను పొరలు సమముగను ఉన్నచో చాలును. కాని పొరలు సాధారణముగ ఒక దిక్కునకు కొంచెము వాలియుండును. ఆ వాలు ఎంతయో, ఏ దిక్కునకో దిక్సూచితోను వాలుమాపకముతోను కొలుతురు; ఆ రెంటిని ఒకే డబ్బీలో ఇమిడ్చిన సాధనమును అమెరికాలో గనుల ఇంజనీరుగా నుండిన బ్రంటన్ 1894లో పేటెంటు చేయించెను, నేటికిని అది ఆయన పేరనే చెల్లుచున్నది. బేతంచెర్ల ప్రాంతమున వాలు స్వల్పము, ఐదు డిగ్రీలనుకొందము. నిలువు గోడపై తీసిన కొలతకు ఈ వాలు వలన కలుగు భేదము నూటికి అరవంతు గూడ ఉండదు, దానిని విడువవచ్చును. కాని అదే వాలున, గని నేలపై వాలు దిక్కుగా 100 మీటర్లు నడచినచో మనము దాదాపు 9 మీటర్ల మందము గల పొరలను దాటిపోయితిమన్నమాట. పాదములకు నేల సమముగనే తోచును, కన్ను కూడ సమమనియే చెప్పును. ఉత్తరపు గోడలో కొలిచినవాడు మధ్యాహ్నము నీడకొరకు దక్షిణపు గోడకు పోయి, అచ్చట అదే యెత్తునుండి కొనసాగించినచో, లేని పొరలను చేర్చుటయో ఉన్న పొరలను జారవిడుచుటయో జరుగును. కావుననే ఒక గోడనుండి మరొక గోడకు పోవునపుడు ఏదో యొక పొరను, రంగుచేతనో మందముచేతనో స్పష్టముగ గుర్తింపదగినదానిని, ఆధారముగ చేసికొని దాని వెంట నడచిపోయి, రెండవ గోడలో దానిని కనుగొన్న పిమ్మటనే తిరిగి కొలత మొదలు పెట్టవలెను.

ప్రతి పొరకును వ్రాయవలసినవి చాల గలవు. అన్నియు ఇచ్చట ఏకరువు పెట్టను. మందము, తడిపి చూచిన రంగు, ఆరిన పిమ్మటి రంగు, పగిలిన ముఖము నునుపో గరుకో, చేతి భూతద్దములో రేణువులు కనబడునా లేదా. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లమును ఒక బొట్టు వేసినచో సున్నపురాయి వెంటనే బుసబుస పొంగును. మెగ్నీషియము కలిసిన డోలమైటు అట్లు పొంగదు; కత్తితో గీచి పొడి చేసి, ఆ పొడిపై వేసినప్పుడు మాత్రము మెల్లగ బుడగలు వచ్చును. చేతిసంచిలో పెట్టుకొనిపోవు చిన్న సీసాతో ఇంత ముఖ్యమైన భేదము తేలిపోవుట భూగర్భశాస్త్రమందలి చవుకయైన సుఖములలో నొకటి.

అయితే వ్రాతగాని సామర్థ్యము తేలునది పొర మధ్యభాగమును వర్ణించుటలో కాదు, రెండు పొరల సందును వర్ణించుటలో. క్రిందిదానినుండి పైదానికి మార్పు హఠాత్తుగ జరిగినదా, మెల్లమెల్లగ జరిగినదా? సందు చదునుగ నున్నదా, అలలవలె నున్నదా, క్రింది పొరను కొంత కోసికొనిపోయిన జాడ యున్నదా? సందులో వెంట్రుకవాసి మన్నైనను ఉన్నదా? ఇవి వ్రాయకున్నచో తక్కినదంతయు రాళ్ళ పట్టిక యగును. ఏలయనిన, మందమునకును కాలమునకును సూటియైన పొత్తు లేదు. ఒక మీటరు మందము గల పొర ఒకే తుఫానులో కదలి వచ్చి దిగిన యడుసు కావచ్చును. దానిపైనున్న గీతవంటి సందులో వేలకొలది సంవత్సరములు అణగియుండవచ్చును. నార్జి సున్నపురాతి గోడను చూచి, ఇంత రాయి పేరుకొనుటకు ఎంతకాలము పట్టినదో అని ప్రశ్నించుట అందరికిని తోచును. ఏ రాయియు పేరుకొనని కాలము ఎంత గడచినదో అని ప్రశ్నించినవాడే సందులవైపు చూచును. ఆ రెండవ కాలమే మొదటిదానికంటె అధికమని నమ్మువారిలో నేనును ఒకడను.

సున్నపురాతిలో మరియొక చిక్కు కలదు. పొరల వెంబడి, ఒక్కొక్కప్పుడు వాటిని అడ్డముగ కోయుచు, రంపపు పండ్లవలె మిట్టపల్లములుగ సాగు నల్లని గీతలు కనబడును. వీటికి స్టైలొలైటులని పేరు. ఇవి పగుళ్ళు కావు, నిక్షేపమైన పొరలును కావు. పైనున్న బరువు యొక్క ఒత్తిడికి రాతిలోని సున్నము నీటిలో కరగి తొలగిపోగా, కరగని మన్నును కర్బనమును ఆ గీతయందు మిగిలిపోయినవి. అనగా ఆ గీతవద్ద కొంత రాయి లేకుండ పోయినదన్నమాట. ఆ రంపపు పండ్ల ఎత్తును కొలిచినచో, పోయిన రాయి కనీసము ఎంతయో అంచనా కట్టవచ్చును. మనము మీటర్లలో వ్రాసికొను మందము నాడు పేరుకొన్న మందము కాదు, నేటికి మిగిలిన మందము మాత్రమే.

మోసపుచ్చునవి ఇంకను కొన్ని కలవు. సున్నపురాయి వాననీటికి కరగును. బెలుములో 3 కిలోమీటర్లకు పైబడి సాగు గుహలు అట్లు ఏర్పడినవే. గనిగోడలోను అట్టి చిన్న చిన్న బిలములు తెగి కనబడును. వాటిలో పైనుండి దిగిన యెర్రమన్ను నిండియుండును. బిలము పొర వెంబడి అడ్డముగ సాగినదైనచో, ఆ మన్ను సున్నపురాతి నడుమ సహజముగ పేరుకొనిన మట్టిపొర వలెనే తోచి, అనుభవము లేనివానిచేత అట్లే వ్రాయించుకొనును. పదిగజములు అటు నిటు నడచి చూచినచో అది తేలిపోవును. నిజమైన పొర సాగుచునే యుండును, బిలము ముగిసిపోవును. పేలుడువలన క్రొత్తగ పడిన పగుళ్ళను శిల యొక్క పురాతనమైన చీలికలుగ లెక్కించుట మరియొక మోసము. భూమి విరిగి ఒకవైపు జారినచోట ఒకే పొర రెండుమారులు ఎదురుపడుట ఇంకొకటి.

ఈ కారణముచేతనే నోటుబుక్కులో ఎడమపుట కనబడినదానికి, కుడిపుట తోచినదానికి అని విభజించుకొనుమని పూర్వాచార్యులు నియమము చేసిరి. పూర్వము గ్రామకరణము అడంగలులో వ్రాయునపుడు ఈ చేనిలో ఇప్పుడేమి పైరున్నదో వ్రాసెడివాడేగాని, ఏ పైరు వేసిన బాగుగ నుండెడిదో వ్రాసెడివాడు కాడు. అభిప్రాయమును అడిగినచో అది వేరుగ చెప్పెడివాడు. గనిలో వ్రాయువాని ధర్మమును అట్టిదే. “అలల గుర్తులు, శిఖరములకు నడుమ దూరము 4 సెంటీమీటర్లు” అనునది ఎడమపుట మాట. “లోతులేని సముద్రతీరము” అనునది కుడిపుట మాట. ఎడమపుటలో “తీరపు సున్నపురాయి” అని ఒక్కముక్కలో వ్రాసి ముగించినవాడు శ్రమ తగ్గించుకొన్నట్లు కనబడును. కాని పదియేండ్ల తరువాత, అది తీరము కాదేమో యను సందేహము పుట్టినప్పుడు, అతని వ్రాతనుండి తిరిగి బయటికి తీయుటకు ఏమియు ఉండదు. గోడ ఎట్లును ఉండదు. చిత్రము గీయుటయందును నాకట్టి పట్టుదలయే గలదు. ఛాయాచిత్రము తీయుడు, వలదనను. పక్కన సుత్తినో స్కేలునో ఉంచి తీయుడు. కాని ముందు చేతితో గీయుడు. కెమెరా గోడనంతయు ఒకే శ్రద్ధతో చూచును, గీయుచున్న చెయ్యి మాత్రము ప్రతి గీతకును “ఇది పొరయా, పగులా?” అని ఆగి నిర్ణయించుకొనవలసి యుండును.

గీచిన చిత్రమును సాయంకాలము నిలువుపట్టీగ తిరిగి వ్రాయుదురు. ఎడమప్రక్క మీటర్ల లెక్క; దాని ప్రక్కన శిలలకు నియతమైన గుర్తులు. సున్నపురాతికి ఇటుకగోడ గుర్తు, డోలమైటునకు ఏటవాలు ఇటుకల గుర్తు, షేలునకు చిన్న చిన్న అడ్డగీతలు. రేడియోలో చిత్రమును చూపలేను గనుక ఒక సంగతి మాత్రము చెప్పుదును. మీటరునకు ఒక సెంటీమీటరు చొప్పున గీయుట వాడుక. ఆ లెక్కను 1 సెంటీమీటరు మందము గల మట్టిపొర కాగితముపై మిల్లీమీటరులో పదియవ వంతగును. అది పెన్సిలు గీతకంటె సన్నము. నియమమును పాటించినవాడు దానిని గీయలేడు. గీయలేదు గనుక క్రమముగ దానిని చూచుటయు మానును.

అట్టి యొక సెంటీమీటరు మట్టి ఎంత పని చేసినదో వినుడు. ఇటలీలో గుబ్బియో అను ప్రాచీన నగరము చెంత, ఒక కనుమలో, సముద్రపు లోతులలో ఏర్పడిన సున్నపురాతి పొరలు వందల మీటర్ల మందమున వరుసగా బయల్పడియున్నవి. 1960 దశాబ్దములో లూటెర్‌బాకర్, ప్రెమోలి సిల్వా అను పండితులు ఆ పొరలలోని ఫొరామినిఫెరా అను సూక్ష్మజీవుల గుల్లలను పొర పొరకును పరిశీలించి, ఒకానొక సన్నని మట్టిపొర క్రిందనున్న జాతులలో దాదాపు అన్నియు పైని కనబడకుండ పోవుచున్నవని వ్రాసియుంచిరి. తరువాత వాల్టర్ అల్వారెజ్ అను యువ భూగర్భశాస్త్రజ్ఞుడు ఆ మట్టి ఎంతకాలములో పేరుకొనినదో తెలిసికొనగోరెను. భౌతికశాస్త్రజ్ఞుడైన ఆయన తండ్రి లూయీ అల్వారెజ్, రసాయనశాస్త్రజ్ఞులగు అసారో, మిషెల్ అనువారు తోడ్పడిరి. ఆ మట్టిలో ఇరిడియము అను అరుదైన లోహము సామాన్యముగ నుండుదానికి సుమారు 30 రెట్లు కనబడినది. ఇరిడియము భూమి పైపొరలో అత్యల్పము, ఉల్కలలో అధికము. పెద్ద గ్రహశకల మొకటి భూమిని తాకుటచేతనే 6 కోట్ల 60 లక్షల యేండ్ల క్రిందట డైనోసారులతో కూడ పెక్కు జీవజాతులు నశించినవని వారు 1980లో ప్రతిపాదించిరి. అయితే వెనుకటివారు ఆ మట్టిని కొలిచి, దాని క్రిందిదియు పైదియు వేరుచేసి వ్రాసియుంచకున్నచో, ఎచ్చట వెదకవలెనో అల్వారెజ్‌కు తెలియుట కష్టము. వారు వ్రాసినప్పుడు ఇరిడియమును గురించి ఎవరును అడిగియుండలేదు. అడుగని ప్రశ్నకు సమాధానమును వారు దాచియుంచిరి. దాచుచున్నామని వారికే తెలియదు.

ఆ కాలపు సందు మన గోదావరి తీరమునను గలదు. రాజమహేంద్రవరము దగ్గర కాతేరులోను, ఆవలి యొడ్డున గౌరీపట్నము, దుద్దుకూరు ప్రాంతములలోను నల్లరాతి గనులు కలవు. ఆ నల్లరాయి ఒకప్పటి అగ్నిద్రవము. పడమటి కనుమల వైపునుండి వేయి కిలోమీటర్ల దూరము ప్రవహించి వచ్చినదని పలువురి యభిప్రాయము. ఆ నల్లరాతి ప్రవాహములకు నడుమ సున్నపురాయియు మన్నును పలుచగ నిక్షిప్తమై యున్నవి. కంకరకొరకు రాయి కొట్టువారికి అవి అడ్డము. 2008లో గెర్టా కెల్లర్‌యు ఆమె సహచరులును ఈ గనులలోని ఆ నడిమి పొరలను పరిశీలించి, ఆ మహావినాశము జరిగిన వెంటనే పుట్టిన సూక్ష్మజీవుల గుల్లలు వాటిలో నున్నవని చూపిరి. క్రింది నల్లరాయి వినాశమునకు ముందటిదా, సమకాలికమా అను వివాదమునకు మన గనులే సాక్ష్యములైనవి. ఆ వినాశమునకు గ్రహశకలమే కారణమా, అగ్నిద్రవములును కారణమా అను వాదము నేటికిని చల్లారలేదు. ఆ వాదులాటలో నేను పాల్గొనను.

నార్జి సున్నపురాతిలో ఇట్టి గుల్లల సాయము లేదు. జంతువులు పెంకులను ధరించుటకు పూర్వమే ఈ రాయి ఏర్పడినది. దాని వయస్సు 100 కోట్ల యేండ్లకును 54 కోట్ల యేండ్లకును నడుమ అని పెక్కుమంది చెప్పుదురు. ఎంత విశాలమైన నడుమయో చూడుడు. అందుచేత ఒక గనిలోని పొర మరియొక గనిలోని ఏ పొరకు సమకాలికమో తేల్చుటకు వేరు సాధనములు వలయును. సున్నపురాతిలోని కర్బనమునకు బరువులో కొంచెము భేదించు రెండు రూపములు స్థిరముగ నున్నవి. వాటి నిష్పత్తి ఆనాటి సముద్రస్థితిని బట్టి పొరపొరకును మారుచుండును. ఆ మార్పుల క్రమమును ఒక గనిలోనుండి గీచి, మరియొక గనిలోనిదానితో పోల్చుట ఇప్పటి పద్ధతి. ఇందులకు కావలసిన రాయి వ్రేలి కొనంత; కావలసిన సమాచారము మాత్రము ఆ ముక్క సున్ననుండి ఎంత యెత్తున తీసినది, స్టైలొలైటు గీతకు దూరముగ తీసినదా, తెల్లని కాల్సైటు నరమును తప్పించి తీసినదా యనునది. ముక్కను గోడనుండి విడదీయుటకు ముందే దానిమీద పైవైపును చూపు బాణము గీయవలెను. విడదీసిన పిమ్మట ఏది పైవైపో చెప్పగల పండితుడు అరుదు. సంఖ్యను రాతిపై నొకసారి, సంచిపై నొకసారి, పుస్తకమున నొకసారి వ్రాయవలెను. మూడింటిలో రెండైనను కలియకున్నచో ఆ ముక్కను పారవేయుట ఉత్తమము.

నంద్యాల, కర్నూలు, కడప, అనంతపురము కళాశాలలలో భూగర్భశాస్త్రము చదువు విద్యార్థులకు ఈ గనులు బస్సు ప్రయాణపు దూరములోనే యున్నవి. యజమాని యనుమతి పొంది ఏటేట ఒకే గనికి పోయి, ఆ యేడు క్రొత్తగా తెగిన గోడను మాత్రము కొలిచి, వెనుకటి యేటి పట్టీకి క్రిందను ప్రక్కను అతికించుకొనుచు పోయినచో, పదియేండ్లలో ఏ ఒక్కని కన్నును ఒక్కసారిగ చూడజాలనంత ఛేదము ఆ కళాశాల బీరువాలో సమకూడును. ఇందులకొక్క జాగ్రత్త మాత్రము అవసరము. గని లోతగుకొలది, మనము సున్నగ గుర్తు వేసికొన్న రాయియే ఒకనాడు బండియెక్కి పోవును. కావున మొదటి దినముననే ఆ సున్న ఎత్తును గని వెలుపల, ఎవరును త్రవ్వని యొక స్థిరస్థానముతో, వంతెన గోడతోనో, రోడ్డు ప్రక్కని సర్వేరాతితోనో, సరిచూచి రెండింటి భేదమును మీటర్లలో నోటుబుక్కు మొదటి పుటయందు వ్రాయవలెను. క్రిందటి యేటివారు ఆ యంకెను వ్రాయుట మరచినచో, ఈ యేటివారు ఏదైన నొక గుర్తింపదగిన పొరను పట్టుకొని తిరిగి మొదటినుండి కొలుచుకొనవలసినదే.